మిషిన్‌కు రేకు కప్పిన దేవయ్య

మా మేనమామ దేవయ్యది బీర్పూర్. గుంటెడు జాగ లేదు, బతుకంత కూలికే పాయె. నాలుగేండ్ల కింద పరిశోధన చేసే సార్లొచ్చి, ఊరవతల గుట్ట మీది బండకు ఇనుప కంబం దిగ్గొట్టి, దాని మీద తెల్లగిన్నె బోర్లిచ్చినట్టు ఒక మిషిన్ పెట్టిన్రు. ఉపగ్రహాల సిగ్నల్ పట్టుకొని, బండ వెంట్రుక మందం జరిగినా అది చెప్తదట. వానకాలం నీళ్ల బరువుకు నేల ఎంత దిగుతది, ఎండకాలం ఎంత లేస్తది, ఎందుకు జరుగుతదని వాళ్ల పరిశోధన. మామను కావలికి పెట్టుకున్నరు. మూడేండ్లు మంచిగ చూసుకుంటే నౌకరి పర్మినెంట్ చేపిస్తనని పెద్దసారు విశ్వజిత్ మాటిచ్చిండు.

ఇగ మామ సంబురం చూడాలె! మిషిన్ దగ్గరికి మేకను రానియ్యకపోవుడు, దుమ్ము పడితే తన కండువతోనే తుడుసుడు. మొదటి వాన పడ్డనాడు తన ఇంటి మీది రేకు ఊడబీకి, నెత్తిన మోసుకపోయి, మిషిన్ మీద కప్పి తాడుతోని బిగగట్టిండు. వాన వెలిసేదాక పక్కనే తడుసుకుంట కూసున్నడు. మూడు వానకాలాలు గదే పని, కప్పిన రేకు వానలు పోయినంకనే తీసేటోడు. ఇంట్ల మా అత్త భూమవ్వ కారేకాడల్ల గిన్నెలు పెట్టుకుంట, తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టేది.

అది వానకు తడిసినా ఏంగాదని మామకు చెప్పినోడు లేడు. మీద రేకుంటే సిగ్నల్ అందదని చెప్పినోడు అంతకన్న లేడు. పెద్ద చదువులు చదివినోళ్లు మరి, కూలోనితోని ఏం మాట్లాడుతరు!

సారు ఏడాదికోసారి ఎండకాలంల కార్ల వచ్చి, మిషిన్ కింది డబ్బాలున్న రికార్డు కాపీ చేసుకొని పోయేటోడు. దాన్ని విప్పి చూసే తీరిక మూడేండ్లు దొరకలేదట ఆయనకు. చూసిననాడు ఏముంది, మూడు వానకాలాలూ ఖాళీ. వాళ్లకు కావల్సిందే ఆ నెలలు.

మామను జగిత్యాల ఆఫీసుకు పిలిచి ఒక కాయితం మీద ఏలిముద్ర ఏపిచ్చుకొని, రేపటిసంది రావద్దన్నరు. దాని కాపీ నా దగ్గరికి తెచ్చి చదువుమన్నడు. కావలివాని నిర్లక్ష్యం వల్ల పరిశోధన చెడిపోయిందని రాసున్నది. నా ఒళ్లు మండింది. మామ మాత్రం రెండుసార్లు చదివిపిచ్చుకున్నడు.

“నిర్లక్ష్యమంటే ఏంది అల్లుడా?”

పట్టించుకోకపోవుడు మామా అని చెప్పిన. మామ కాయితం తీసుకొని, తన ఏలిముద్ర మీద ఏలు పెట్టిండు.

“గది నా పేరు మీదనే రాసిన్రా?”