పోస్టుకార్డుల మీద చదరంగం నేర్పిన మేనత్త

మా మేనత్త పోయిన వారం హనుమకొండలో కన్నుమూసింది. మూడో రోజున జిల్లా చదరంగం సంఘం కార్యదర్శి సంతాప సభ పెడతానని కబురు పంపాడు. వద్దన్నాను. ఆమె గురించి ఆయన నోట మంచి మాట వినడం నాకిష్టం లేదు. చెప్పవలసినవి నేనే రాస్తున్నాను.

1970ల్లో ఆమె వరంగల్ జిల్లా పోటీలో మగవాళ్లందరినీ ఓడించింది. రాష్ట్ర పోటీలకు వెళ్లవలసింది ఆమే. తీరా జాబితా వచ్చాక చూస్తే అందులో అప్పుడూ కార్యదర్శిగా ఉన్న ఈయన బావమరిది పేరుంది. ఆమె ఆయన్ని అడగడానికి వెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

“ఆడివిల్లవు. అంత దూరం ఎవలెంబడి పోతవమ్మా?” అన్నాడు.

“నేనే పోత. లేకుంటె ఇప్పుడే నాతోని ఒక్క ఆట ఆడున్రి. ఓడితె ఊకుంట.”

“నేను ఆడోళ్లతోని ఆడను,” అని నవ్వి లేచిపోయాడు.

ఆమె మళ్లీ ఏ పోటీకీ పేరివ్వలేదు. బడిలో పాఠాలు చెప్పుకుంటూనే, పోస్టుకార్డుల మీద ఆడపిల్లలకు చదరంగం నేర్పడం మొదలుపెట్టింది. కార్డు మీద స్కేలుతో అరవై నాలుగు గళ్లు గీసి, పావుల బొమ్మలు వేసి, కింద ఒకటే ప్రశ్న: ‘నల్ల రాజును ఎట్లా పడతావు?’ పరకాల, కేసముద్రం, డోర్నకల్ నుంచి జవాబులొచ్చేవి. తప్పయితే ‘తొందర. మళ్లీ చూడు’ అని మాత్రమే రాసేది. ఎదుట కూర్చుని నేర్చుకున్నది నేనొక్కదాన్నే. పాత అవమానం గుర్తొచ్చి నేను బంటును విసురుగా పెడితే మణికట్టు పట్టుకునేది.

“కోపం మంచిదే బిడ్డా. గని చేతులకు రానియ్యకు, కండ్లల్ల పెట్టుకో.”

తొమ్మిదేళ్లకు, మేం సిద్ధమయ్యామని నమ్మకం కుదిరాక, మమ్మల్ని నలుగురినీ జిల్లా పోటీకి తీసుకొచ్చింది. ఆ ఏడు కార్యదర్శి కూడా ఆడుతున్నాడు. డోర్నకల్ అమ్మాయి అతని బావమరిదిని ఓడించింది. చివరి రౌండులో కార్యదర్శి నాకెదురుపడ్డాడు. నిబంధన ప్రకారం ఆడక తప్పలేదు. తన ఏనుగు పోయాక మెల్లగా అడిగాడు, “డ్రా చేస్కుందమా అమ్మా?”

“చేస్కోను,” అన్నాను.

ఓటమి ఒప్పుకుని తన రాజును పడుకోబెట్టి లేచాడు. అప్పుడు అత్త వచ్చి నా కుర్చీలో కూర్చుంది. పావులన్నీ మళ్లీ పేర్చి, ఆట గడియారంలో ఇద్దరికీ ఐదేసి నిమిషాలు పెట్టింది.

“కూసో అన్నా. ఇప్పుడన్న ఆడు.”

హాలంతా చూస్తోంది. “నాకు మీటింగుంది,” అంటూ అతను చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆమె ఎవరివైపూ చూడలేదు. రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపి గడియారం నొక్కింది. అటువైపు ముల్లు కదిలింది. ఐదు నిమిషాలూ మేం ఆమె వెనకే నిలబడ్డాం. చివరికి అతని వైపు చిన్న ఎర్ర జెండా పడింది. టైమైపోయిందని దానర్థం.

“ఓడిండు,” అంది అత్త. ఆట ముగిశాక ఆటగాళ్లు చేసినట్టే, ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చాచింది. చాలాసేపు అట్లాగే ఉంచింది.