తొమ్మిది నురుగు ముఖాలు

మా వీధి మలుపులోని క్షౌరశాల యజమానిని అసలు పేరుతో పిలిచేవారు ఇప్పుడెవరూ లేరు. హాకీ ఆటలో మా ఊరి జట్టుకు పెనాల్టీ కార్నర్ దొరికినప్పుడల్లా, చేతిలోని కత్తిని గాలిలో నిలిపేసి, బంతి సంగతి తేలేదాకా కదలడు కనుక అతడు అందరికీ కార్నర్ బాబాయి. ఆ నిరీక్షణలో నా ఎడమ చెంప మీది నురుగు ఎన్నిసార్లు ఎండి అట్టకట్టిందో నాకే తెలుసు.

అతని దుకాణంలో టీవీ కుర్చీ వెనక గోడకు ఉంటుంది. పని చేస్తూ అతడు చూసేది ఎదుటి అద్దంలోనే. పందొమ్మిదేళ్ళుగా అలా చూస్తున్నవాడికి ఆటగాళ్ళందరూ ఎడమచేతి వాటంవాళ్ళే. హాకీలో ఎడమచేతి కర్రే ఉండదని చెబితే వారం రోజులు నమ్మలేదు. ఒకసారి మైదానానికి స్వయంగా వెళ్ళి, అరగంటలో తిరిగివచ్చి, "అక్కడంతా తిరగబడి ఉంది మాస్టారూ" అని విసుక్కున్నాడు. ఇదిగో, అసలు విషయం విడిచి మళ్ళీ పక్కదారి పట్టాను. జీవితమంతా పాఠాలు చెప్పినవాడికి ఇది అంత తేలిగ్గా వదిలే జబ్బు కాదు.

విషయమేమిటంటే, మా జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఓడుతున్న రోజుల్లో ఆ దుకాణంలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. జనం శిక్షకుణ్ణి తిట్టేవారు, గోల్‌కీపర్ని తిట్టేవారు, ఎవరూ దొరక్కపోతే టీవీని తిట్టేవారు. వరుసగా నాలుగేళ్ళు కప్పు గెలిచేసరికి తిట్టడానికేమీ మిగలక ఒక్కొక్కరే జారుకున్నారు. ఆటకు ముందురోజే "గెలిచారులే" అనేస్తారు. జరగని పనికి భూతకాలం కూడదని నేను గొంతు పోయేలా చెప్పిన పాఠం ఈ వీధిలో ఒక్కరికీ ఒంటబట్టలేదు. పైగా అడిగి చూడండి, అందరూ ప్రాణమిచ్చే అభిమానులే. ప్రతి స్కూటరు మీదా జట్టు గుర్తు ఉంటుంది. ఆట చూసేవాడు మాత్రం ఒక్కడు.

ఈ సంగతి మా వీధికి టీవీ కనెక్షన్లిచ్చే కేబుల్ అతని చెవిన పడింది. ఒక ఉదయం జుట్టు కత్తిరించుకుంటూ, వచ్చే నెల నుంచి ఆ ఆటల ఛానల్ తీసేసి వంటల ఛానల్ పెడుతున్నానని చల్లగా చెప్పాడు. కత్తెర ఆగిపోయింది.

"వీధంతా ఫ్యాన్సే కదరా" అన్నాడు బాబాయి.

"ఫ్యాన్సు సరే, చూసేవాళ్ళేరీ? నువ్వొక్కడివి చూస్తే నాకు గిట్టుద్దా? ఆదివారం ఆటకి నువ్వు కాక పదిమంది ఇక్కడ కూర్చుంటే ఉంచేస్తా. నేనే వచ్చి లెక్కపెట్టుకుంటా."

బాబాయి ఇల్లిల్లూ తిరిగాడు. "ఎలాగూ గెలుస్తారుగా, స్కోరు చెప్పు చాలు" అన్నాడు టైర్ల షాపతను. "ఓడేలా ఉంటే కబురు పెట్టు, పరుగెత్తుకొస్తా" అన్నాడు మందుల షాపతను. నేను కూడా ఏదో పనుందన్నాను. ఆ పని ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆట సగం గడిచాక, బాబాయి భుజాన తువ్వాలుతో వీధిలోకి వచ్చి, ఏడుపు ముఖంతో ప్రకటించాడు: "మనవాళ్ళు రెండు గోల్స్ వెనకపడ్డారు."

పది నిమిషాల్లో దుకాణం నిండింది. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, పరుగెత్తినవారిలో నేనూ ఉన్నాను. టీవీ శబ్దం ఆపేసి ఉంది. స్కోరు కనిపించే మూల మీద ఒక తువ్వాలు వేలాడుతోంది. ఎండ పడుతోందన్నాడు. శిక్షకుణ్ణి తిట్టడంలో మేము తలమునకలై ఉండగా, అతడు వచ్చినవాడికి వచ్చినట్టే ముఖానికి నురుగు పూసేశాడు. మందుల షాపతను ఆ ఉదయమే గీసుకున్నానని మొత్తుకుంటున్నా వినలేదు.

అనుమానం వచ్చి తువ్వాలు లాగినవాడు టైర్ల షాపతనే. అయిదు–సున్నా. అయిదు మావాళ్ళవి.

"ఇదేం మోసం బాబాయ్? ముఖం కడుక్కుని పోతాం, నీళ్ళియ్యి."

"బకెట్ ఖాళీ. కావాలంటే ఆ ముఖాలతోనే వీధిలోకెళ్ళండి. అత్తగారు ఎదురొస్తే నమస్కారం పెట్టండి."

ఎవరూ లేవలేదు. గెలుస్తున్న జట్టును అంత కోపంగా చూసిన జనాన్ని నేనెక్కడా ఎరగను.

ఏడో గోలు పడ్డాక కేబుల్ అతను గుమ్మంలో నిలబడి, నురుగు ముఖాలను వేలితో లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే.

"ఒకటి తగ్గింది బాబాయ్. మాటంటే మాటే."

బాబాయి అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు. కార్నర్ ఏమీ లేకుండా అతని కత్తి గాలిలో ఆగడం అదే మొదటిసారి.

భర్తను భోజనానికి ఈడ్చుకుపోవడానికి వచ్చి, చాలాసేపటినుంచి గడప మీద కూర్చుని గొణుగుతున్న అతని భార్య తల తిప్పింది.

"నేను మనిషిని కాదా? పందొమ్మిదేళ్ళుగా ఇష్టం లేకుండా చూస్తున్నాను. నాకంటే గొప్ప ప్రేక్షకురాల్ని తీసుకురా, చూస్తాను."

"నీకు ఆట తెలుసా పిన్నీ?" అన్నాడు కేబుల్ అతను.

"ఆ రెండో నెంబరువాడు మోకాలి నొప్పితో కుంటుతున్నాడు. అరగంటనుంచి చూస్తున్నా. మీ శిక్షకుడికి కళ్ళు లేవా?"

అందరం తెరవైపు తిరిగాం. కుంటుతున్నాడు, నిజమే. తొమ్మిదిమందిలో ఒక్కరమూ గమనించలేదు. కేబుల్ అతను పదో వేలు ముడిచి వెళ్ళిపోయాడు. ఛానల్ ఉండిపోయింది.

మరుసటి ఆదివారం ఆటకు దుకాణం మళ్ళీ ఖాళీ. నేను దారిన పోతూ, అలవాటు కొద్దీ గుమ్మంలోంచే అడిగాను: "ఎంత?"

బాబాయి కళ్ళు అద్దంలోనే ఉన్నాయి. గడప మీదనుంచి ఆమె, తెర మీదనుంచి చూపు తిప్పకుండా అంది.

"లోపలికొచ్చి చూసుకోండి మాస్టారూ. బ్రష్షు తడిపే ఉంచాడు."