ఖాళీ సీసాల పెట్టె

సూరత్‌లో, మిల్లులుండే బమ్రోలి పేటలో నేను అద్దెకున్న ఇంటివాళ్లకు మొదటి నుంచీ నా మీద అనుమానమే. వాళ్లది కరీంనగర్ వైపు, నాదీ అటే. ఆ ఒక్క మాట మీద మేడమీది గది ఇచ్చారు. ఇంటాయన రంగుల మిల్లులో పనిచేసేవాడు. ఆయన్ని అన్నా అని, ఆయన భార్యను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లకు మింగుడుపడనిది నా ఉద్యోగం.

చిన్న విమానంలో ఊరి మీద, మురుగు కాలువల మీద, చెత్తగుట్టల మీద తిరుగుతూ, ఒక్కో ఎత్తులో ఒక్కో గాజుసీసాలోకి గాలి పట్టడం నా పని. ఆ సీసాలు వేరే ఊళ్లో ఉన్న మా ల్యాబ్‌కు వెళితే గాలిలో మీథేన్ ఎంత ఉందో అక్కడ కొలుస్తారు. సీసాల్లోని గాలంతా ముందే లాగేసి ఉంటుంది. పైకి వెళ్లాక వాల్వు తిప్పితే బయటి గాలి లోపలికి దూసుకొస్తుంది. కిందే ఎవరైనా తిప్పితే ఆ సీసా పాడైనట్టే.

విమానాశ్రయంలో మాకిచ్చిన గది తాళంచెవులు ఎంతమంది దగ్గరున్నాయో నాకే తెలియదు. అందుకని సీసాల పెట్టెను ఇంటికే తెచ్చుకునేదాన్ని. ఇరుకు మెట్ల మీదుగా అది పైకి వచ్చేది కాదు. మెట్ల కింద, గ్యాస్ మీటరు పక్కన పెట్టేదాన్ని.

"ఏమున్నయి బిడ్డా అండ్ల?" అని అక్క అడిగింది.

"ఏం లేవక్కా, ఖాళీ సీసలు."

"ఖాళీ సీసలను పసిపిల్లలెక్క మోసుకొస్తవేంది?"

వివరంగా చెప్పాను. ఆమె అంతా విని భర్త వైపు చూసింది. అంతకుముందు ఏడాది వాళ్ల మిల్లు పక్కదానికి కాలుష్యం చూసే అధికారులు సీలు వేశారు. అందులో పనిచేసేవాళ్లు నెలల తరబడి ఇళ్లల్లోనే కూర్చున్నారు.

"మిల్లుల పొగ కొలుస్తున్నవా?" అన్నాడు అన్న.

"లేదన్నా. పొగ కాదు, మీథేన్. అది వేరే."

"సీలేసినోళ్లు గూడ గట్లనే చెప్పిన్రు. నీళ్లు జర చూసిపోతమన్నరు."

ఆ తర్వాత నేను మెట్లు దిగుతుంటే లోపల మాటలు ఆగిపోయేవి.

ఒకరోజు పొద్దున పెట్టె తెరిస్తే ఒక సీసా వాల్వు, మూసినట్టు గుర్తుకు నేను పెట్టుకున్న గీత మీద లేదు. ఎవరో తిప్పి, మళ్లీ మూశారు. విమానాశ్రయంలో సామాను మోసేవాళ్లా, డ్రైవరా, ఇంటివాళ్లా? ఆ రోజంతా అందరి చేతుల వంకే చూశాను. సాయంత్రం వస్తూ తాళం కొని పెట్టెకు వేశాను. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లింది.

ఆ సీసాను పారేయబుద్ధి కాలేదు. ఎక్కడ తెరిచారో లోపలి గాలే చెబుతుందేమోనని, సంగతి రాసి మిగతావాటితోపాటు ల్యాబ్‌కు పంపాను. కొన్నాళ్లకు అక్కడ పనిచేసే స్నేహితురాలు ఫోన్ చేసింది.

"చెత్తగుట్ట మీద కూడా మనకెప్పుడూ ఇంత మీథేన్ రాలేదు. దీన్ని ఏ వంటగదిలో తెరిచారు?"

పెట్టె ఉండేది గ్యాస్ మీటరు పక్కనే. సూరత్‌లో ఇళ్లకు గొట్టాల్లో వచ్చే గ్యాస్ దాదాపు అంతా మీథేనే. వెళ్లి మీటరు దగ్గర వంగి వాసన చూశాను. మిల్లుల రంగువాసన, కాలువ కంపు కలిసిన ఆ సందులో ఏదీ విడిగా తెలియలేదు. గ్యాస్‌వాళ్లకు ఫోన్ చేశాను. వచ్చినతను మీటరు కింది అతుకుకు సబ్బునీళ్లు రాశాడు. బుడగలు లేచాయి. వెంటనే లైన్ కట్టేశాడు. పొయ్యి మీద అన్నం సగం ఉడికి ఉంది.

అతను బాగుచేసి వెళ్లాక అన్న నన్ను పిలిచాడు.

"ఆ సీస తిప్పింది నేనే."

"ఎందుకన్నా?"

"మా మిల్లు పొగ పట్టి దాచినవేమో అనుకున్న. వాసన చూస్తే తెలుస్తదని తిప్పితే, సుయ్యిమని లోపటికే గుంజుకున్నది. భయమై మూసిన."

నాకు కోపం రాలేదు. ఇక మా మధ్య అనుమానం పోయినట్టేనని సంతోషించాను కూడా. కానీ ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు.

"గ్యాస్ సంగతి మంచిగనే అయింది. లేకుంటే ఏమయ్యేదో! గని అమ్మా, ఇయ్యాల ఒక ఫోన్ కొడితే మనిషొచ్చి లైన్ బంద్ చేసిండు. రేపు ఇంకో ఫోన్ కొడితే ఎవలొస్తరో. జర వేరే రూం చూసుకో."

అక్క వైపు చూశాను. ఆమె సగం ఉడికిన అన్నంలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది.

సూరత్‌లోనే ఇంకో పేట ఆల్థాన్‌కు మారాను. విమానం ఆ వైపు తిరిగినప్పుడల్లా కిందికి చూసేదాన్ని. రేకుల కప్పుల్లో ఆ ఇల్లు ఏదో ఎప్పుడూ పోల్చుకోలేకపోయాను. కొన్ని నెలలకు బట్టల గిరాకీ పడిపోయి చాలా మిల్లుల్లో పని తగ్గించారు. అప్పుడు అక్క ఫోన్ చేసింది.

"మా మిల్లు రేపటి సంది బంద్ అంటున్రు. నీకేమన్న ఎరుకనా?"

"నాకేం ఎరుక లేదక్కా. ఒట్టు."

"ఊకెనే అడిగిన," అంది. వెనక అన్న గొంతు వినిపించింది: "ఏమంటుంది?" ఆమె ఏం చెప్పిందో వినేలోపే ఫోన్ కట్ అయింది.