ఇనుముకి ప్రవేశం లేదు

మా మాస్టారికి ఇనుమంటే పగ. ప్రయోగశాల గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతిలో అయస్కాంతంతో వచ్చినవాళ్ళందరినీ సోదా చేసేవారు.

"తాళాలు?"

"ఇవిగో మాస్టారూ."

"జడపిన్నులు?"

"అవీ తీస్తే జుట్టు విరబోసుకుని తిరగాలి మాస్టారూ!"

"తిరుగు. జుట్టు అయస్కాంతానికి అంటుకోదు."

పాపం, ఆయన బాధ ఆయనది. ముప్పై ఏళ్ళుగా ఎలక్ట్రాన్ స్పిన్ మీద పనిచేస్తున్నారు. ఒక్కో ఎలక్ట్రానూ ఓ బుల్లి అయస్కాంతం. వెంట్రుకలో లక్షో వంతు మందమున్న పొరలో అవి ఎటు తిరిగాయో కొలవాలి. కంటికి కనపడని ఇనుప రజను పడినా కొంప మునిగినట్టే.

ఓసారి తనిఖీకొచ్చిన డైరెక్టరుగారి బెల్టు కూడా విప్పించారు. ఆయన ఓ చేత్తో ఫైలు, ఓ చేత్తో ప్యాంటు పట్టుకుని గదంతా తిరిగారు. ఇంట్లోనూ ఇదే గోల. "పెళ్ళయిన కొత్తలో నా గాజులకీ అయస్కాంతం పెట్టి చూశారమ్మా మహానుభావులు!" అనేవారు ఆయన భార్య.

నేను ఆయన దగ్గర పరిశోధన విద్యార్థిని. నాలుగేళ్ళు చాకిరీ చేసి, ఎవరూ ఊహించని పొరలో అయస్కాంతత్వం పట్టాను. పత్రం అచ్చయింది. అందరూ ఆకాశానికెత్తారు. నెల తిరక్కుండా నా బండారం బయటపడింది. ప్లాస్టిక్ పట్టకారు విరిగిందని, మాస్టారు టీకి వెళ్ళినప్పుడు పక్క గది నుంచి ఉక్కు పట్టకారు తెచ్చి దాంతో పొరను పట్టుకున్నాను. తీరా నేను కొలిచింది ఆ పట్టకారు రజనుని!

కమిటీ కూర్చుంది. నన్ను పంపించెయ్యాలన్నారు. నాలుగేళ్ళ చదువు మంటగలిసిందనుకున్నాను.

మాస్టారు లేచారు. "ఆ పట్టకారు నేనే ఇచ్చానండీ."

డైరెక్టరుగారు నోరు తెరిచారు. "మీరా? నా బెల్టు విప్పించిన మీరా?"

"మతిమరుపండీ. అలాగే రాసుకోండి."

ఒక్కరూ నమ్మలేదు. డైరెక్టరుగారు నవ్వాపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి పత్రం వెనక్కి తీసుకోమని చెప్పి, నన్ను మాత్రం ఉండనిచ్చారు.

"ఎందుకండీ నాకోసం అంత అబద్ధం?" అన్నాను తిరిగొస్తూ.

"అబద్ధమేమిటే? కాపలా వదిలేసి టీకి పోయింది నేను కాదూ? పద, మళ్ళీ మొదలెడదాం."

గుమ్మం దగ్గరికి రాగానే ఏడుపు తన్నుకొచ్చింది. అడుగు పడక అక్కడే నిలబడిపోయాను. మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు.

"కన్నీళ్ళలో ఇనుము బాగా తక్కువేలే. లోపలికొచ్చి ఏడువు."