తాళంచెవితో సహా వచ్చిన రిపోర్టు

"ఇది తెరవకపోతే నా పిల్లకేమన్న అయితదా?"

ల్యాబులో మహిత ఒక్కతే ఉంది. అయినా మాట పైకే వచ్చేసింది.

మధ్యాహ్నం మూడు దాటింది. కంపెనీ మెయిల్లో, రోజూ వచ్చే సరుకు సర్టిఫికెట్ల మధ్య, ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చి ఉంది. మొదటి వరుసలోనే తన కూతురి పేరు, తనుశ్రీ. ఫలితం ప్రమాదకరంగా ఉందట. ముప్పై నిమిషాల్లోగా కింద జతచేసిన ఫైలు తెరిచి చూడాలట. ఫోన్ చేయాల్సిన డాక్టరు నంబరు కూడా ఆ ఫైల్లోనే ఉందట.

తనుశ్రీకి మూడేళ్లు. పది రోజులుగా జ్వరం వస్తూ పోతూ ఉంది. ఆ ఉదయమే పటాన్‌చెరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం ఇప్పించి, పిల్లను అత్త దగ్గర వదిలి, పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీకి డ్యూటీకి వచ్చింది మహిత. రిపోర్టు సాయంత్రం ఆరింటికి ఇస్తామన్నారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషి కాబట్టి రక్తంలో ఏ అంకె పెరిగితే ఏ జబ్బో కొంచెం కొంచెం తెలుసు. ఆ కొంచెమే ఇప్పుడు ప్రాణం తోడేస్తోంది. మూడు గంటలు ముందే పంపారంటే ఎంత పెద్ద విషయమై ఉండాలి?

వేలు మౌస్ మీద పెట్టింది.

"మేడం బిడ్డా! నాలుగు డ్రమ్ములు దిగినయి. సాంపిల్ తీస్తవా, నన్నే తాగి సూడమంటవా?"

తలుపు దగ్గర పోచయ్య. సరుకు దించే షెడ్డు ఆయనది.

పోచయ్యకు అరవై దగ్గరపడ్డాయి. ఫ్యాక్టరీ బాయిలర్ ఉన్నచోట ఒకప్పుడు వాళ్ల జొన్నచేను ఉండేది. చేను పోయాక అక్కడే కాంట్రాక్టు కూలీగా చేరి, ఇరవై ఆరేళ్లుగా లారీల మీంచి డ్రమ్ములు దించుతున్నాడు. ఇంగ్లీషు రాదు. అందుకే ఆయనకొక పట్టు ఉంది. లారీ డ్రైవరైనా మేనేజరైనా సరే, డ్రమ్ము మీది చీటీని పైకి చదివి, ఆయనకు తెలుగులో అర్థం చెప్పాలి. ఆ తర్వాతే మూతకు పానా తగలాలి.

మొదట్లో అందరూ నవ్వేవారు. పద్నాలుగేళ్ల కింద ఒక ఎండాకాలం, డ్రైవరు జల్దీ జల్దీ అని తొందరపెడితే, పోచయ్యతో కలిసి పనిచేసే రాములు చదివించకుండానే మూత తిప్పాడు. బుస్సుమని ఒక చప్పుడు, షెడ్డు నిండా పసుప్పచ్చటి పొగ. రాములు నాలుగో రోజు పోయాడు. లోపల ఏముందో చీటీ మీద స్పష్టంగానే రాసి ఉంది. "ఆనికి కనవడక గాదు బిడ్డా," అంటాడు పోచయ్య ఇప్పటికీ. "రోజు వచ్చే డ్రమ్మే అనుకున్నడు. అనుకున్నదే కనవడ్డది." ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఏమైంది? మొఖం గట్ల సున్నం గొట్టినట్టయింది?"

"పాప రిపోర్టు వచ్చింది కాకా. ఒక్క నిమిషం, తెరిచి చూసి వస్త."

"నాకు సదివి జెప్పు."

"ఇదేం డ్రమ్ము కాదు కాకా!"

"తెరిసేదేనా, కాదా?"

"తెరిచేదే."

"మరింకేంది? సదువు."

చిరాకేసింది. వాదించడం కంటే చదివేయడమే తొందరగా అయిపోతుందనుకుని, ఒక్కొక్క వాక్యం తెలుగు చేస్తూ మొదలుపెట్టింది. "మీ కూతురు తనుశ్రీ రక్తపరీక్షలో..."

ఆగిపోయింది.

రక్తం అన్న మాట తెర మీద లేదు. ఆరోగ్య పరీక్ష అని మాత్రమే ఉంది. మళ్లీ చదివింది. సెంటర్ పేరు లేదు, పిల్ల వయసు లేదు, పటాన్‌చెరు అని కూడా లేదు. అవన్నీ ఇంతసేపూ తనే కలుపుకుని చదువుతోంది.

"ఆగినవేంది?"

"ఏం లేదు. ఫైలుకు తాళం ఉందట. తాళం తీసే పాస్‌వర్డ్ కిందనే రాసిండ్రు."

పోచయ్య నవ్వాడు. "తాళమేసి, చెవి దానికే కట్టి పంపిండా? మరి ఎవలకు కనవడొద్దని ఏసినట్టు?" అంతలోనే ఆయన నవ్వు ఆగిపోయింది. "నీకైతె గాదు. గేటుకాడ సూసెటోనికి కనవడొద్దని."

మహిత వేలు వెనక్కి తీసుకుంది. కంప్యూటర్లు చూసే ఫుర్ఖాన్ ఎప్పుడో చెప్పాడు, వచ్చే ప్రతి ఫైలునూ లోపలికి పంపేముందు ఒక సాఫ్ట్‌వేరు తనిఖీ చేస్తుందని. తాళమున్న ఫైల్లోకి అది తొంగిచూడలేదు.

"దవాఖానోళ్లకు గీ కంపెనీ మెయిల్ ఇచ్చినవా?"

"లేదు. ఫోన్ నంబరే ఇచ్చిన."

"గట్లయితె ఫోన్ రావాలె గదా."

"పన్నెండు నిమిషాలే ఉన్నయి కాకా! ఒకవేళ నిజమైతే?"

"నిజమైతె ఆ దవాఖాన ఆడనే ఉంటది, యాడికి వోతది? పొద్దుగాల రసీదు ఇచ్చిండ్రు గదా, దాని మీది నంబర్‌కు కొట్టు."

హ్యాండ్‌బ్యాగంతా బల్ల మీద కుమ్మరించి రసీదు వెతికింది. లైన్ బిజీ. మళ్లీ చేసింది. బిజీ. తెర మీద గడియారం ఒక నిమిషం మారింది, ఇంకొకటి మారింది. తనకు తెలియకుండానే చెయ్యి మళ్లీ మౌస్ వైపు పోతుంటే, పోచయ్య ఆ మౌస్ తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

అయిదోసారికి ఫోన్ కలిసింది. "తనుశ్రీ, మూడేళ్లు... శాంపిల్ ఇంకా మిషన్‌లనే ఉంది మేడం. మేము మెయిల్ ఎవరికీ పెట్టం. ఆరింటికి రండి."

ఫోన్ పెట్టేసి ఫుర్ఖాన్‌కు కబురు చేసింది. అతను ఉరుకుతూ వచ్చాడు.

"హాత్ నై లగాయె నా మేడం? ముట్టలె గదా?"

"లేదు."

"మీరు ఏడో మనిషి. ఒక్కొక్కరికి వాళ్ల వాళ్ల పిల్లల పేర్లతోనే వచ్చింది. పేర్లన్ని కరెక్టే ఉన్నయి." గొంతు తగ్గించాడు. "డిస్పాచ్‌ల రామన్న తెరిసిండు. ఆయన కొడుక్కు మొన్ననే ఆపరేషన్ అయింది, ఏం జేస్తడు పాపం. ఆడ కంప్యూటర్లన్ని ఒకదాని వెనక ఒకటి బందైతున్నయి."

"మా పిల్లల పేర్లు వాళ్లకెట్ల తెలుసు?"

ఫుర్ఖాన్ వంగి ఆమె కంప్యూటర్ నెట్ వైరు పీకేశాడు. "పోయిన నెల ఇన్సూరెన్స్ ఫారాలు నింపినం గదా మేడం. ఆడికెల్లి పోయినయో, ఇంకేడికెల్లి పోయినయో తెల్వది."

ఆరింటికి రిపోర్టు కాగితం చేతికొచ్చింది. టైఫాయిడ్. డాక్టరు మందులు రాసిచ్చాడు, వారానికి జ్వరం దిగింది. డిస్పాచ్ కంప్యూటర్లు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. ఇంట్లో తనుశ్రీని పేరుపెట్టి పిలిచినప్పుడల్లా, ఆ పేరు ఎక్కడో ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర, ఒక పట్టికలో, తన పేరు పక్కన రాసి ఉందన్న సంగతి మహితకు గుర్తొస్తోంది. మళ్లీ ఏ రూపంలో వస్తారో తెలియదు.

మొన్న షెడ్డులో సాంపిల్ తీస్తూ అదే చెప్పుకుంది. "దాని పేరు చూడంగనే నాకింకేం కనబడలె కాకా. రేపు మళ్లీ వస్తే ఏం చెయ్యాలె?"

పోచయ్య చేతి తొడుగులు విప్పుతూ చెప్పాడు. అప్పటినుంచి ఆమె అట్లాగే చేస్తోంది.

"పిల్ల పేరు జెప్పి ఎవడన్న పిలిస్తె, మొదలు పిల్ల కాడికి పో బిడ్డా. పిలిసినోని కాడికి పోకు."