పూజలో పెట్టిన జాకీ

తిరువళ్లూరు బజారులో చెప్పుకునే దయ్యాల కథల్లో సగం నేను పుట్టించినవే. రైలు గేటు దగ్గర తెల్లకోక మనిషిని కనిపెట్టింది నేను. మూతబడిన నూనె గానుగలో రోజూ ఎవరో దగ్గుతారని చెప్పిందీ నేనే. పనిలేని పూట నలుగురు షెడ్డు ముందు చేరితే అప్పటికప్పుడు ఒకటి అల్లి వదిలేవాణ్ణి. వారం తిరిగేసరికి అదే కథ ఇంకొకరి నోట, ఇంకా రెండు దయ్యాలు కలుపుకుని నా దగ్గరికే వచ్చేది. అలాంటివాడికి దయ్యాల మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు రాసేది ఆ కోవలోది కాదు. నమ్మమని కూడా అడగను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది, అది మాత్రం నిజం. మిగతాది ఏమిటో నాకే తెలియదు.

పందొమ్మిది వందల యాభై అయిదో, యాభై ఆరో. బస్సులు నిలిచే చోటికి వెనక వీధిలో నాకు మెకానిక్ షెడ్డు ఉండేది. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలంలో అమ్మిన జీపులు అప్పటికి మా పక్క పల్లెల్లో కాస్త ఆస్తి ఉన్నవాళ్ల చేతుల్లో తిరుగుతున్నాయి. పాండూరు దగ్గర ఒక నాయుడుగారికి అలాంటిదొకటి ఉంది. ఆయన పొలాల్లో సగం ఏటికి అవతల. ఇసుకలో దిగితే జీపు కడుపు నేలకు తగిలి కూలబడిపోయేది. ఎత్తు పెంచమని నా దగ్గరికి తెచ్చాడు.

పెంచాను. ఇరుసు మీద బండి బరువు మోసే కమాను కట్టల్లో అదనంగా పట్టీలు వేశాను, లారీ టైర్లు వెతికి తగిలించాను. జీపు జానెడు పైకి లేచింది. బజారంతా వచ్చి చూసింది. అది ఏట్లో దిగి నీళ్లు చిమ్ముకుంటూ అవతలి గట్టెక్కిన రోజున నాకంటే ఎక్కువ సంబరపడినవాడు దాని డ్రైవరు మునిరత్నం. మా ఆవిడ తరపు చుట్టం, నన్ను మామా అని పిలిచేవాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నేను ఏం చెప్పినా నమ్మేవాడు. ఆ గుణం వల్లే అతనంటే నాకు ఇష్టం.

బండి ఎత్తు పెంచితే జాకీ కూడా మార్చాలి. ఇది మెకానిక్ అన్నవాడికి చెప్పక్కర్లేదు. జీపుతో వచ్చిన జాకీ మూసి ఉంటే జానెడు, పూర్తిగా తిప్పినా మూరెడు రాదు. టైరు మార్చడానికైతే ఇరుసు కింద పెట్టి ఎలాగో నెట్టుకురావచ్చు. కమాను విప్పాలంటే మాత్రం ఛాసీ, అంటే బండి చట్రం, దాని కింద పెట్టి ఎత్తాలి. ఎత్తు పెంచిన జీపుకు ఆ ఛాసీ ఎక్కడో పైన ఉంటుంది, పొట్టి జాకీ తల దానికి అందదు. నా షెడ్డులో లారీలకు వాడే స్క్రూ జాకీ ఒకటుండేది. మూసినప్పుడే మూరెడు, తిప్పితే ఇంకో జానెడు లేస్తుంది, అడుగు అన్నం పళ్లెమంత వెడల్పు. అలాంటిదే ఒకటి నాయుడుగారి చేత కొనిపించి జీపులో వేయించాల్సింది. అవసరమైనప్పుడు నా దగ్గర తీసుకుపోదువులే అని మునిరత్నంతో అన్నాను. ఆ మాట మీద ఏడాది గడిచింది.

ఆయుధపూజ రోజు. పొద్దున్నే షెడ్డు కడిగి, పసుపు గుడ్డ పరిచి, పనిముట్లన్నీ దాని మీద పేర్చాను. బరువైనది కాబట్టి పెద్ద జాకీ అన్నిటికంటే కింద. దాని మీదా పక్కనున్న మొద్దు దిమ్మ మీదా ఆనేట్టు చెక్క పలక, పలక మీద స్పానర్లు, సుత్తులు, పైన పువ్వులు, నిమ్మకాయలు. గంధం, కుంకుమ అన్నిటికీ పెట్టాను. మరునాడు విజయదశమి పొద్దున మళ్లీ హారతి ఇచ్చేదాకా వాటిని కదపకూడదు, మా వైపు ఆచారం. తాళం వేసి, పండక్కి కట్టిన ఎర్రంచు కొత్తపంచెతోనే తిరుత్తణిలో మా చెల్లెలింటికి పోవడానికి మధ్యాహ్నం పాసింజరు రైలు కోసం బయలుదేరుతుంటే మునిరత్నం బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా మీద ఇసుక.

"మామా, ఏట్లో కమాను బోల్టు తెగిపోయినాది. ఇరుసు పక్కకి జరిగినాది. పెద్ద జాకీ ఇయ్యి, సాయంత్రానికి తెచ్చిస్తా."

"పూజలో పెట్టింది యాడన్నా తీస్తారా? రేపు పొద్దున్నే రా."

"నాయుడు రేపు పొద్దున్నే అరకోణం పోవాల. బండి లేకుంటే నా పని అయిపోయినట్టే."

ఇక్కడ నిజం చెప్పాలి. అంతకుముందు ఏడాది ఒక షావుకారు కారు కోసం పూజలోంచి స్పానరు నేనే తీశాను. దేవుడికి దండం పెట్టి తీస్తే తప్పులేదని అప్పుడు నేనే అన్నాను. ఈ రోజు జాకీ తీయాలంటే పైనున్నదంతా దించాలి, మళ్లీ పేర్చాలి. పాసింజరు పోతుంది. చెల్లెలు ఓళిగలు, అవే బొబ్బట్లు, చేస్తానని కబురు పంపింది.

అతని మొహం చూసి ఉత్త చేతులతో పంపలేక ఒక కథ ఇచ్చాను.

"అస్సాం రోడ్డులో యుద్ధమప్పుడు నేను చేసింది విను. లోడు లారీ, చేతిలో ఇట్లాంటి పొట్టి జాకీనే. ఊర్లోనించి రోలు తెప్పించి బోర్లించి, దాని మింద జాకీ పెట్టినా. రాయి నలుగుతాదా? కొండ మాదిరి కూచున్నాది. కింద దూరి పని చేసి వచ్చినా."

"రోలు మిందనా?"

"మరి? అబద్ధం చెప్తే నాకేం వస్తాది?"

ఏం వస్తుందో నాకు తెలుసు, ఓళిగలు. నేను రేణిగుంట దాటి పోయిన మనిషిని కాను. అస్సాం ఏ దిక్కున ఉందో కూడా అప్పటికి సరిగా తెలియదు.

మునిరత్నం తల ఊపి, సరి మామా అని బస్సెక్కాడు.

ఇసుకలో రాయి నిలవదు, ఒక పక్కకి ఒరుగుతుంది. రాయి మీద ఇనుము నిలవదు, జారుతుంది. జాకీ కింద పెట్టాల్సింది వెడల్పాటి చెక్క. అది కూడా చాలదు. ఎంత మంచి జాకీ అయినా ఎత్తడానికే, మోయడానికి కాదు. మిగిలిన చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఛాసీ కింద మొద్దు దిమ్మలు పేర్చి, బరువు వాటి మీదికి దించిన తర్వాతే మనిషి కింద దూరాలి. ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను చెప్పిన కథకు పట్టినంత కూడా పట్టదు.

తిరుత్తణిలో ఒంటిగంట దాటాక దిగాను. తిన్నాను. బావ, అంటే చెల్లెలి మొగుడు, నేనూ తిన్నె మీద చాపలు వేసుకుని పడుకున్నాం. నాలుగింటికి చెల్లెలు కాఫీ తెచ్చి మూడుసార్లు పిలిచినా లేవలేదట, భుజం పట్టి ఊపితే లేచాను. పొద్దు వాలాక రైల్లో తిరిగి వచ్చాను. షెడ్డు తాళం చెవి నా మొలతాడుకే ఉంది. రెండో చెవి ఎప్పుడో పోయింది.

విజయదశమి పొద్దున నేను తాళం తీయకముందే మునిరత్నం షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో అరటిపళ్ల అత్తం, భుజాన జాకీ. నా పెద్ద జాకీ. జాకీ దించి, నా కాళ్ల మీద పడ్డాడు.

"నువ్వు రాకుంటే నా పిల్లోళ్ల గతి ఏంది మామా."

నాకేం అర్థం కాలేదు. జాకీ వంక చూశాను. అడుగున నేను ఉలితో కొట్టిన రెండు గాట్లు ఉన్నాయి. మెడ మీద నేను పెట్టిన గంధం, కుంకుమ. వాటి మీద ఏటి ఇసుక అంటుకుని ఉంది.

అతను చెప్పింది ఇదీ. పాండూరులో ఒకరింట రోలు అడిగి తెచ్చుకున్నాడు. బోర్లించి, దాని మీద పొట్టి జాకీ పెట్టి ఛాసీ ఎత్తాడు. కింద వెల్లకిలా పడుకుని బోల్టు ఎక్కిస్తున్నాడు. పొద్దు ఇంకా బాగానే ఉంది. ఇసుకలో అడుగుల చప్పుడు వినిపించింది. తల తిప్పి చూస్తే నా కాళ్లు, ఎర్రంచు కొత్తపంచె. రెండు చేతులు పెద్ద జాకీని ఛాసీ కిందికి నెట్టి, నాలుగు తిప్పులు తిప్పి బిగించాయి. యాడనించి వచ్చినావు మామా అని అడిగాడట. జవాబు లేదు. కాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. నేను బీడీ కోసం వెళ్లానేమో అనుకున్నాడు. అంతలో రోలు ఒరిగింది. పొట్టి జాకీ ఎగిరి అతని చెవి పక్కన పడింది. జీపు రెండు వేళ్ల మందం దిగి, పెద్ద జాకీ మీద ఆగింది.

పాక్కుంటూ బయటికి వచ్చి చూస్తే ఏట్లో ఎవరూ లేరు. అడుగుజాడలు చూశావా అని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. పశువులు తొక్కిన ఇసుక, ఏం తెలుస్తాది అన్నాడు.

తాళం తీశాను. పువ్వులు వాడాయే తప్ప కదల్లేదు. నిమ్మకాయలు పెట్టినచోటే ఉన్నాయి. స్పానర్లు, సుత్తులు, పలక అన్నీ పేర్చినట్టే ఉన్నాయి. పలక జాకీ వైపు అంచు మాత్రం గాలిలో ఉంది. దాని కింద పసుపు గుడ్డ మీద పళ్లెమంత గుండ్రని గుర్తు, ఖాళీ.

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నేను రాలేదురా, తిరుత్తణిలో గురక పెడుతున్నా అని. నోరు తెరిచాను. "పోనీలే, నీ ప్రాణం కంటే పూజ ఎక్కువా" అన్న మాట వచ్చింది. అతను కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రానికి బజారంతా తెలిసింది. జన్మలో మొదటిసారి నేను అల్లకుండానే నా మీద కథ పుట్టింది, నేను అడ్డుపడలేదు. అడిగినవాళ్లకు ఇంకాస్త కలిపాను కూడా. భోజనానికి ఆకు ముందర కూర్చుంటే మనసు కీడు శంకించిందనీ, లేచి దొరికిన లారీ ఎక్కి వచ్చాననీ. ప్రతి ఏడాది విజయదశమికి మునిరత్నం అరటిపళ్లు తెచ్చేవాడు. అతని భార్య నన్ను చూస్తే కొంగు సర్దుకుని దండం పెట్టేది. ఆ దండం పెట్టినప్పుడల్లా రోలు కళ్ల ముందు తిరిగేది.

ఒకసారి బావ ఊరినించి వచ్చి షెడ్డు ముందు కూర్చున్నాడు. ఎవరో ఈ కథ ఆయనకే వినిపించారు. అంతా విని, వాళ్లు పోయాక నా వైపు తిరిగాడు.

"ఏం బావా, అయితే ఆ దినం మా తిన్నె మింద నా పక్కన పండుకోనుండేది ఎవురబ్బా?"

నవ్వుతూనే అడిగాడు. నేను నవ్వలేకపోయాను.

ఇంతవరకే అయితే ఈ పాపాన్ని నాలోనే ఉంచుకుని పోయేవాణ్ణి. కాని మునిరత్నం మారాడు. ఏ బండి కిందికైనా ఉత్త జాకీ మీద దూరడం మొదలుపెట్టాడు. దిమ్మలు పెట్టడు, చక్రాలకు రాళ్లు పెట్టడు. ఒక ఎండాకాలంలో నా షెడ్డుకే జీపు తెచ్చాడు. నేను కాఫీ తాగి వచ్చేసరికి కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఛాసీ కింద జాకీ తప్ప ఇంకేం లేదు.

"దిమ్మలు యాడరా?"

లోపలినుంచి నవ్వు వినిపించింది. "నువ్వుండగా నాకు దిమ్మలు దేనికి మామా? పడేముందర వస్తావు గదా."

రెండు కాళ్లూ పట్టుకుని బయటికి లాగాను. వీపు గీసుకుపోయి తిట్టబోయాడు. నా మొహం చూసి ఆగాడు. అక్కడే నేల మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. పాసింజరు, ఓళిగలు, అస్సాం అబద్ధమని, షావుకారు కోసం పూజలోంచి స్పానరు తీశానని, ఆ రోజు నేను ఏటి దగ్గరికి రానే లేదని. ఇదీ ఒక కథేనని కొట్టిపారేస్తాడేమో అనుకున్నాను.

అతను గుడ్డ తీసుకుని చేతులకున్న గ్రీజు తుడుచుకున్నాడు.

"నాకప్పుడే ఇదిగా అనిపించినాది మామా. అంతసేపుండి నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు." గుడ్డ పక్కన పెట్టి మళ్లీ అన్నాడు. "అయితే వచ్చింది ఎవురు?"

ఎవరేం అడిగినా అక్కడికక్కడే జవాబు అల్లి ఇచ్చినవాణ్ణి. దీనికి ఏదీ తోచలేదు. ఇన్నేళ్లూ ఆలోచించినా తోచలేదు.

అతను లేచి, మూలనున్న మొద్దు దిమ్మలు నాలుగూ మోసుకొచ్చి ఛాసీ కింద ఒక్కొక్కటే పేర్చాడు. చేత్తో నెట్టి చూసి, అప్పుడు కిందికి దూరాడు. ఈనాటికీ అలాగే చేస్తున్నాడు. అది చాలు నాకు.

అరటిపళ్లు మానేశాడు. పలకరింపు మానలేదు. కాని బజారులో నేను ఎదురుపడితే ముందు నా కాళ్ల వైపు చూస్తాడు, ఆ తర్వాతే మొహంలోకి. నేనూ తల వంచి చూసుకుంటాను. ఆ రోజు ఏటి ఇసుకలో నడిచిన కాళ్లు ఇవి కావని అతనికి గట్టిగా చెప్పినవాణ్ణి నేనే. ఇప్పుడు అడిగితే అంత గట్టిగా చెప్పగలనో లేదో మాత్రం నాకు తెలియడం లేదు.