పెద్దమ్మ అడిగే ఒక్క ప్రశ్న

కంపెనీ మనిషి వస్తున్నాడని తెలిసి కూడా ఆ పూట పెద్దమ్మని ఇంట్లో ఉండనివ్వడం నా బుద్ధితక్కువ. ఏది చూపించినా ఆవిడ అడిగేది ఒక్కటే: "ఇది ఎవరి లాభానికి పుట్టిందిరా?"

పెద్దమ్మ కాలేజీలో చరిత్ర చెబుతుంది. డబ్బూ సామ్రాజ్యాలూ కలిసి సైన్సు ముక్కుకి తాడేసి ఎటెటు లాక్కెళ్లాయో పుస్తకాలు రాస్తుంది. రాసి ఊరుకుంటే బాగుండేది!

ఓసారి చలిజ్వరంతో పెద్దమ్మ ఒళ్లు పెనంలా కాలిపోతోంది. అమ్మ మాత్ర అందిస్తే చేత్తో పట్టుకుని పాఠం మొదలెట్టింది. "ఈ జ్వరానికి మందు కోసం దొరలు ఎందుకంత తాపత్రయపడ్డారు? సిపాయిలు మంచాన పడితే దేశాలెవరు ఆక్రమిస్తారని!"

"అక్కా, ముందు మింగు. ఆక్రమణ సంగతి తరవాత చూద్దాం."

ఇంకోసారి ఆవిడ పుస్తకంలో బొమ్మ చూసి, నేను పెరట్లో పిచ్చిమొక్క పీకి, ఎండబెట్టి, అట్టకి అంటించి, ఎవరో దొర పేరు తగిలించి ఆవిడ బల్ల మీద పెట్టాను. కళ్లజోడు పైకెత్తి చూసింది. "దొర పేరుంది సరే, కోసుకొచ్చినవాడి పేరేది?"

"కోసింది నేనే పెద్దమ్మా!"

"చూశావా, నీ పేరు నువ్వే రాసుకోలేదు."

అసలు విషయానికొస్తాను. చదువు నాకు అబ్బలేదు గానీ, పాడైన మిక్సీ మోటారుతో, రక్తాన్ని గిర్రున తిప్పే పరీక్షల యంత్రం చేశాను. మా వీధి చివర ఆసుపత్రిలో అదే తిరుగుతోంది. అది చూసే కంపెనీ మనిషి కోటేసుకుని, దాన్ని తామే చేసి అమ్ముతామని ఒప్పందం కాగితంతో వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. నేను సంతకానికి పెన్ను తీశాను. పెద్దమ్మ కాగితం లాక్కుంది.

"ఇది ఎవరి లాభానికి నాయనా?"

"ప్రజాసేవండీ!"

"ఓడ దిగిన ప్రతి దొరా ఆ మాటే అన్నాడు. ఇందులో మావాడి పేరేది?"

"కింద, సంతకం చోట ఉందండీ."

"కనిపెట్టింది మీరని రాసి, సంతకం వాడిదా? పైగా ఇకమీదట వాడు ఇది ఎవరికీ చేసివ్వకూడదా? మరి వీధి చివర ఆసుపత్రి?"

అతను చెమటలు తుడుచుకుంటూ గుమ్మంలోకెళ్లి పైవాళ్లకి ఫోను చేశాడు. పేపర్లో పడుతుందనుకున్న నా ఫొటో గంగలో కలిసింది!

"ఎందుకు పెద్దమ్మా నా కొంప ముంచుతావు?"

"చరిత్రలో పోయిన పేర్లు ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నాను. మనింట్లోనే ఇంకోటి పోతుంటే చూస్తూ కూర్చోనా?"

అతను తిరిగొచ్చి, కనిపెట్టినవాడి చోట నా పేరు రాసి, ఆసుపత్రులకి చేసివ్వొచ్చని కూడా చేర్చి, నా సంతకం తీసుకుని వెళ్లాడు.

అతను వీధి మలుపు తిరిగాక అడిగాను. "అతను కోపమొచ్చి వెళ్లిపోయుంటే?"

"ఎక్కడికి పోతాడ్రా సన్నాసీ! వాడొచ్చింది నీ యంత్రం కోసం, మీ అమ్మ కాఫీ కోసం కాదు."